నడుస్తున్న సైట్‌ను ఆపకుండా డేటాబేస్ స్కీమా మార్చడం ఎలా

కొత్త కోడ్ అన్ని సర్వర్ల మీదికీ ఒకే క్షణంలో చేరదు. నాలుగు సర్వర్లుంటే ఒకదాని తర్వాత ఒకటి మారతాయి. ఆ కొన్ని నిమిషాలూ పాత కోడ్, కొత్త కోడ్ రెండూ ఒకే డేటాబేస్‌ను వాడుతుంటాయి. వెనకాల ఈమెయిళ్లూ రిపోర్టులూ పంపే వర్కర్లు ఇంకా ఆలస్యంగా మారతాయి. స్కీమా (టేబుళ్లు, కాలమ్‌ల అమరిక) మార్పుల్లో ఎదురయ్యే చిక్కులు చాలావరకు ఈ సందులోనే పుడతాయి. అందుకే ఒక నియమం పెట్టుకోండి: ఏ క్షణంలో చూసినా డేటాబేస్ ఇప్పటి కోడ్‌కూ, దానికి ముందరి కోడ్‌కూ సరిపోవాలి. ఒక్క అడుగులో అది కుదరకపోతే మార్పును నాలుగైదు అడుగులుగా విడగొట్టాలి.

ఇక్కడ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌నూ, పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ అయిన జాంగోనూ ఉదాహరణగా తీసుకున్నాం. రైల్స్, ఫ్లైవే, లిక్విబేస్, అలెంబిక్ లాంటి వేరే సాధనాలు వాడేవారికి ఆదేశాల పేర్లు మారతాయి. లాక్‌లు (ఒకరు మారుస్తుండగా మిగతావారిని ఆపే తాళాలు) నడిచే తీరు మాత్రం డేటాబేస్‌ది కాబట్టి పని వరుస మారదు.

ఏం మారుస్తున్నాం, ఎందుకు

సరుకులు ఇంటికి చేర్చే యాప్ ఒకటి ఉందనుకోండి. కస్టమర్ల టేబుల్‌లో 40 లక్షల వరుసలున్నాయి. అందులో జిల్లా, మండలం రెండూ మామూలు టెక్స్ట్ కాలమ్‌లు. యాప్ రాసిన రోజున ఇది సరిపోయింది. కానీ తెలంగాణలో 2016 అక్టోబర్ 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేటలతో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ హనుమకొండగా, వరంగల్ రూరల్ వరంగల్‌గా మారాయి. అంటే మీ టేబుల్‌లో ఉన్న 'వరంగల్' అనే మాట, అది ఏ సంవత్సరంలో నమోదైందన్న దాన్ని బట్టి మూడు వేర్వేరు ప్రాంతాలను సూచించవచ్చు: ఉమ్మడి జిల్లా, అర్బన్, పాత రూరల్. పేరును గుర్తింపుగా వాడకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు.

కాబట్టి జిల్లాలకు విడిగా ఒక టేబుల్ పెట్టి, కస్టమర్ల టేబుల్‌లో జిల్లా_ఐడి అనే కాలమ్ చేర్చి, పాత టెక్స్ట్ కాలమ్‌ను చివరికి తీసేయాలి.

మొదలుపెట్టే ముందు

మార్పులన్నీ మైగ్రేషన్ ఫైళ్లుగా (స్కీమాను మార్చే ఆదేశాలున్న ఫైళ్లు) గిట్‌లో ఉండాలి. ప్రొడక్షన్ (జనం వాడుతున్న అసలు) డేటాబేస్‌లోకి వెళ్లి చేత్తో ఆల్టర్ టేబుల్ కొట్టే అలవాటు జట్టులో ఒక్కరికి ఉన్నా సరే, కొన్నాళ్లకు స్టేజింగ్ (ముందుగా పరీక్షించే చోటు), ప్రొడక్షన్ స్కీమాలు వేరైపోతాయి. అప్పుడు స్టేజింగ్‌లో పాసైన మైగ్రేషన్ ప్రొడక్షన్‌లో 'ఈ కాలమ్ ఇప్పటికే ఉంది' అని ఆగిపోతుంది.

ఒకసారి ఎక్కడైనా నడిచిన మైగ్రేషన్ ఫైల్‌ను మళ్లీ ముట్టుకోవద్దు. తప్పుంటే దాన్ని సరిచేసే కొత్త ఫైల్ రాయండి. ఫ్లైవే ప్రతి ఫైల్‌కూ చెక్‌సమ్ దాచుకుని, ఫైల్ మారితే ముందుకు పోనివ్వదు. జాంగో ఫైల్ పేరును మాత్రమే గుర్తుంచుకుంటుంది. మీరు లోపల ఏం మార్చినా దానికి తెలియదు, అందుకే అక్కడ ఈ క్రమశిక్షణ మీరే పాటించాలి.

ఇద్దరు వేర్వేరు బ్రాంచుల్లో ఒకే మైగ్రేషన్ మీద ఆధారపడి చెరొకటి రాస్తే, కలిపాక జాంగో రెండు కొసలున్నాయని చెప్పి ఆగిపోతుంది. మేక్‌మైగ్రేషన్స్‌కు మెర్జ్ ఆప్షన్ ఇస్తే కలిపే ఫైల్ తయారవుతుంది. రెండూ ఒకే కాలమ్‌ను ముట్టుకుంటుంటే మాత్రం ఆ ఆప్షన్‌ను నమ్మకండి. ఇంకా ఎక్కడా నడవని మైగ్రేషన్‌ను చెరిపేసి, రెండోదాని తర్వాత వచ్చేలా కొత్తగా తయారుచేయండి.

ప్రతి మైగ్రేషన్‌కూ ఎస్‌క్యూఎల్‌మైగ్రేట్ ఆదేశం కొట్టి, డేటాబేస్‌కు వెళ్లే అసలు ఎస్‌క్యూఎల్‌ను కళ్లారా చదవండి. రివ్యూలో పైథాన్ ఫైల్ కన్నా ఆ ఎస్‌క్యూఎల్ మీదే ఎక్కువ సమయం పెట్టాలి. ఎందుకో తర్వాతి అడుగులోనే తెలుస్తుంది.

అడుగు 1: ఖాళీ కాలమ్ చేర్చండి

జిల్లాల టేబుల్ కొత్తది, దాన్ని ఇంకా ఎవరూ వాడటం లేదు. సృష్టించి నింపేయండి. ప్రైమరీ కీ బిగ్‌ఇంట్ పెట్టండి. జిల్లాలకు అంత అవసరం లేకపోయినా అన్ని టేబుళ్లకూ ఒకే అలవాటు మంచిది. మామూలు ఇంటీజర్ 2,14,74,83,647 దగ్గర ఆగిపోతుంది. ఆర్డర్ల టేబుల్ ఆ సంఖ్యకు చేరాక బిగ్‌ఇంట్‌కు మార్చాలంటే టేబుల్ మొత్తం తిరగరాయాలి.

ఇక కస్టమర్ల టేబుల్. మోడల్‌లో (టేబుల్‌ను వర్ణించే పైథాన్ కోడ్‌లో) ఫారిన్‌కీ అని ఒక్క లైన్ రాస్తే జాంగో మూడు పనులు చేస్తుంది: కాలమ్ చేరుస్తుంది, ఫారిన్ కీ నియమం (ఆ ఐడీ జిల్లాల టేబుల్‌లో ఉండి తీరాలని) పెడుతుంది, వెతకడాన్ని వేగం చేసే ఇండెక్స్ కడుతుంది. మూడూ ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే అన్నీ కలిసి జరిగే లేదా ఏదీ జరగని ఒకే గుంపుగా. కాలమ్ చేర్చడానికి యాక్సెస్ ఎక్స్‌క్లూజివ్ లాక్ కావాలి. అది ఉన్నంతసేపు ఆ టేబుల్‌ను ఎవరూ చదవలేరు, రాయలేరు. కాలమ్ చేర్చడం మిల్లీసెకన్ల పనే. కానీ లాక్ ట్రాన్సాక్షన్ ముగిసేదాకా వదలదు కాబట్టి, 40 లక్షల వరుసల మీద ఇండెక్స్ కట్టేంతసేపూ సైట్ ఆగి ఉంటుంది. అందుకే ఈ అడుగులో ఫీల్డ్‌కు నల్ (విలువ లేకపోవడం) అనుమతించి, డీబీ_ఇండెక్స్, డీబీ_కన్‌స్ట్రెయింట్ రెండూ ఫాల్స్ పెట్టండి. ఇండెక్స్, నియమం తర్వాత విడివిడిగా వస్తాయి.

ఒట్టి కాలమ్ చేర్చినా ఒక ప్రమాదం మిగిలే ఉంటుంది. ఎవరో ఒక రిపోర్ట్ క్వెరీని కస్టమర్ల టేబుల్ మీద పది నిమిషాలుగా నడుపుతున్నారనుకోండి. మీ ఆల్టర్ టేబుల్ దానికోసం ఆగుతుంది. ఆగితే ఆగింది, అసలు సమస్య దాని వెనకాల మొదలవుతుంది: తర్వాత వచ్చే ప్రతి చిన్న సెలెక్ట్ కూడా మీ ఆల్టర్ వెనకాల క్యూలో నిలబడుతుంది. రెండు నిమిషాల్లో కనెక్షన్లన్నీ నిండి సైట్ పడిపోతుంది. చూసేవారికి 'మైగ్రేషన్ ఇంకా మొదలే కాలేదు కదా' అనిపిస్తుంది.

దీనికి మందు లాక్_టైమౌట్. మైగ్రేషన్ నడిపే కనెక్షన్‌లో దాన్ని 2 సెకన్లకు పెట్టండి. ఆ లోపు లాక్ దొరక్కపోతే ఆదేశం తప్పుకుంటుంది, క్యూ కదులుతుంది. అర నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించేలా స్క్రిప్ట్ రాసుకోండి. పది ప్రయత్నాల్లోనూ దొరక్కపోతే, కనెక్షన్లు ఏం చేస్తున్నాయో చూపే పీజీ_స్టాట్_యాక్టివిటీలో ఎక్కువసేపటి నుంచి తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్ ఏదో చూడండి. చాలాసార్లు 'ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్' అని కూర్చున్న కనెక్షన్ ఒకటి దొరుకుతుంది: ఎవరో బిగిన్ కొట్టి, కమిట్ మరిచి, భోజనానికి వెళ్లి ఉంటారు.

ఇప్పటి కాలమ్‌కు డిఫాల్ట్ అక్కర్లేదు గానీ వేరే మార్పుల్లో కావాల్సి వస్తుంది. పోస్ట్‌గ్రెస్ 11 నుంచి స్థిరమైన డిఫాల్ట్‌తో కాలమ్ చేర్చినా టేబుల్ తిరగరాయడం ఉండదు. ప్రతి వరుసకూ వేరే విలువ ఇచ్చే ఫంక్షన్‌ను, అంటే రాండమ్ యూయూఐడీ లాంటిదాన్ని, డిఫాల్ట్‌గా పెడితే మాత్రం ఇప్పటికీ టేబుల్ అంతా తిరగరాస్తుంది. జాంగోలో ఇంకో మెలిక ఉంది. మోడల్‌లో డిఫాల్ట్ అని రాసేది పైథాన్ వైపు డిఫాల్ట్. మైగ్రేషన్ దాన్ని పాత వరుసలకు పెట్టి, ఆ వెంటనే డేటాబేస్ నుంచి డిఫాల్ట్‌ను తీసేస్తుంది. ఆ కాలమ్ నాట్ నల్ అయితే, ఇంకా నడుస్తున్న పాత కోడ్ ఆ కాలమ్ పేరు ఎత్తకుండా ఇన్సర్ట్ చేస్తుంది, డేటాబేస్ తిరస్కరిస్తుంది. డిప్లాయ్ (కొత్త కోడ్‌ను సర్వర్లకు పంపడం) జరిగే ఆ ఐదు నిమిషాల్లో కొత్త రిజిస్ట్రేషన్లన్నీ ఫెయిలవుతాయి. జాంగో 5.0లో వచ్చిన డీబీ_డిఫాల్ట్ వాడితే డిఫాల్ట్ డేటాబేస్‌లోనే నిలుస్తుంది, ఈ బాధ ఉండదు.

అడుగు 2: రెండు చోట్లా రాసే కోడ్ పంపండి

కస్టమర్ చిరునామా చేర్చినా మార్చినా కొత్త కోడ్ పాత టెక్స్ట్ కాలమ్‌లోనూ, జిల్లా_ఐడిలోనూ రాయాలి. చదవడం మాత్రం ఇంకా పాత కాలమ్ నుంచే. రాసే చోట్లన్నీ వెతకండి: సైట్ ఫారం, మొబైల్ ఏపీఐ, అడ్మిన్ పేజీ, ఎక్సెల్ ఫైల్ నుంచి ఎక్కించే స్క్రిప్ట్. ఒక్కటి మిగిలిపోయినా, తర్వాతి అడుగు ముగిశాక కూడా కొత్త వరుసల్లో నల్‌లు వస్తూనే ఉంటాయి. అన్ని చోట్లూ పట్టుకోలేమనిపిస్తే డేటాబేస్‌లో ట్రిగ్గర్ (వరుస మారినప్పుడు తనంతట తానే నడిచే కోడ్) పెట్టవచ్చు. కాకపోతే ట్రిగ్గర్లు కోడ్ చదివేవారికి కనిపించవు. తీసేసే తేదీ కూడా అప్పుడే రాసిపెట్టుకుంటేనే వాటి జోలికి వెళ్లండి.

అడుగు 3: పాత వరుసలు నింపండి

ఈ మార్పులో ఎక్కువ ఆలోచన కావాల్సింది ఇక్కడే.

మొదట దేన్ని దేనికి జత చేయాలో తేల్చుకోండి. పాత జిల్లా పేరు ఒక్కటే చూస్తే సరిపోదు. 2022కు ముందు 'తూర్పు గోదావరి' అని నమోదైన కస్టమర్ ఇప్పుడు కాకినాడ, కోనసీమ, తూర్పు గోదావరి జిల్లాల్లో ఎక్కడైనా ఉండవచ్చు. రంపచోడవరం వైపైతే 2022 విభజనలో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. కొవ్వూరు కస్టమర్ అప్పుడు పశ్చిమ గోదావరి, 2022 విభజన తర్వాత తూర్పు గోదావరి. మండలం ఒక్కటే చూసినా కుదరదు, ఎందుకంటే ఒకే పేరున్న మండలాలు వేర్వేరు జిల్లాల్లో ఉన్నాయి. రామచంద్రాపురం అటు గోదావరి వైపూ ఉంది, ఇటు పాత చిత్తూరులోనూ ఉంది. అందువల్ల పాత జిల్లా, మండలం రెండూ కలిపి ఒక జత, దానికి ఎదురుగా కొత్త జిల్లా_ఐడి. ఇలా ఒక మ్యాపింగ్ టేబుల్ తయారుచేయండి. వరంగల్ లాంటి చోట నమోదు తేదీ కూడా జతలో చేరాలి.

తర్వాత కస్టమర్ల టేబుల్‌లో జిల్లా కాలమ్‌ను గ్రూప్ బై చేసి, ఎన్ని రకాల స్పెల్లింగులున్నాయో చూడండి. 'నెల్లూరు', 'శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు', చివర ఖాళీ ఉన్న 'నెల్లూరు ', ఇంగ్లిష్‌లో రాసిన నెల్లూరు, అన్నీ తగులుతాయి. వాటన్నిటికీ మ్యాపింగ్‌లో వరుసలు చేర్చండి. జత దొరకనివాటికి ఊహించి ఏదో ఒక జిల్లా పెట్టేయకండి. తప్పు జిల్లా ఉన్న వరుసను తర్వాత ఎవరూ కనిపెట్టలేరు, నల్ ఉన్న వరుస ఎప్పుడు వెతికినా దొరుకుతుంది.

నింపే పనిని మైగ్రేషన్ ఫైల్‌లో పెట్టకండి. విడిగా ఒక మేనేజ్‌మెంట్ కమాండ్ రాయండి. 40 లక్షల వరుసలకు ఒకే అప్‌డేట్ కొడితే పోస్ట్‌గ్రెస్ ప్రతి వరుసకూ కొత్త ప్రతి రాస్తుంది, టేబుల్ పరిమాణం దాదాపు రెట్టింపవుతుంది. ముట్టుకున్న వరుసలన్నీ కమిట్ దాకా లాక్‌లో ఉంటాయి. రెప్లికా (డేటాబేస్ మార్పులను అనుసరించే నకలు) వెనకబడుతుంది. సగంలో ఆగితే చేసిందంతా వృథా. బదులుగా ఇలా చేయండి:

1. ఐడీ వరుసలో 2,000 చొప్పున తీసుకోండి. ఆఫ్‌సెట్ వాడకండి, అది ముందుకు పోయేకొద్దీ నెమ్మదిస్తుంది. 'చివరగా చూసిన ఐడీ కంటే పెద్దవి' అని అడగండి.
2. అప్‌డేట్‌లో 'జిల్లా_ఐడి ఈజ్ నల్' అనే షరతు తప్పనిసరి. అడుగు 2లోని కోడ్ ఇప్పటికే రాసిన సరైన విలువను అది కాపాడుతుంది, స్క్రిప్ట్‌ను ఎన్నిసార్లు నడిపినా నష్టముండదు.
3. ప్రతి విడతకూ విడి కమిట్. మధ్యలో పదో వంతు సెకను విరామం.
4. చివరగా చూసిన ఐడీని లాగ్‌లో రాయండి. ఆగితే అక్కడి నుంచి కొనసాగించవచ్చు.
5. రెప్లికా కొన్ని సెకన్లకు మించి వెనకబడితే స్క్రిప్ట్ తనంతట తానే ఆగి ఎదురుచూడాలి.

2,000 అనేది మొదలుపెట్టడానికి ఒక అంకె మాత్రమే. ఒక్కో విడత సెకనులోపు ముగుస్తుంటే పెంచండి, లేకపోతే తగ్గించండి.

చిన్న టేబుళ్లకు డేటా మార్పును మైగ్రేషన్‌లోనే రన్‌పైథాన్‌తో చేయవచ్చు. అప్పుడు మోడల్‌ను నేరుగా ఇంపోర్ట్ చేయకండి, యాప్స్ ఇచ్చే గెట్_మోడల్‌తో తీసుకోండి. నేరుగా ఇంపోర్ట్ చేస్తే ఇవాళ్టి మోడల్ వస్తుంది. ఆరు నెలల తర్వాత ఆ మోడల్‌కు ఇంకో కాలమ్ చేరాక, కొత్త ఉద్యోగి తన ల్యాప్‌టాప్‌లో మైగ్రేషన్లను మొదటి నుంచి నడిపితే 'అలాంటి కాలమ్ లేదు' అని పగులుతుంది.

అడుగు 4: ఇండెక్స్, నియమాలు

మామూలు క్రియేట్ ఇండెక్స్ నడుస్తున్నంతసేపు టేబుల్‌లో రాతలు ఆగిపోతాయి. కంకరెంట్లీ అని చేరిస్తే ఆగవు. సమయం ఎక్కువ పడుతుంది, టేబుల్‌ను రెండుసార్లు చదువుతుంది, పైగా ట్రాన్సాక్షన్ లోపల నడవదు. జాంగోలో ఆ మైగ్రేషన్‌కు అటామిక్ ఫాల్స్ పెట్టి, యాడ్‌ఇండెక్స్‌కంకరెంట్లీ వాడండి. ఆ ఫైల్‌లో ఇంకే పనీ పెట్టకండి, ఎందుకంటే సగంలో ఫెయిలైతే వెనక్కి తిప్పేవారు ఉండరు. ఈ ఒక్క పనికి మాత్రం లాక్_టైమౌట్‌ను తీసేయండి.

కంకరెంట్లీ మధ్యలో ఆగితే చెల్లని ఇండెక్స్ ఒకటి అక్కడే మిగులుతుంది. క్వెరీలకు పనికిరాదు, ప్రతి రాతకూ భారం మాత్రం మోస్తుంది. పీఎస్‌క్యూఎల్‌లో టేబుల్ వివరాలు చూస్తే దాని పక్కన ఇన్‌వాలిడ్ అని ఉంటుంది. డ్రాప్ ఇండెక్స్ కంకరెంట్లీతో తీసేసి మళ్లీ కట్టండి. 'ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్' అని రాసి రెండోసారి నడిపితే, ఆ పేరుతో ఇండెక్స్ ఉందనుకుని నిశ్శబ్దంగా దాటిపోతుంది. అంతా బాగానే ఉందనుకుని నెలల తరబడి అలా వదిలేసే ప్రమాదం ఉంది.

ఫారిన్ కీని రన్‌ఎస్‌క్యూఎల్‌తో రెండు మైగ్రేషన్లుగా పెట్టండి. మొదటిది నాట్ వ్యాలిడ్ అని చేర్చడం: కొత్త వరుసలకు నియమం అప్పటి నుంచే అమలవుతుంది, పాతవాటిని తనిఖీ చేయదు కాబట్టి లాక్ క్షణికం. రెండోది వ్యాలిడేట్ కన్‌స్ట్రెయింట్: పాత వరుసలన్నీ చదువుతుంది గానీ చదవడాన్నీ రాయడాన్నీ ఆపదు. రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో పెడితే మొదటి లాక్ చివరిదాకా నిలిచి, విడదీసిన ప్రయోజనమే పోతుంది.

నాట్ నల్ కూడా అంతే. జిల్లా_ఐడి నల్ ఉన్న వరుసల లెక్క సున్నా అయ్యాకే దీనికి రండి. నేరుగా సెట్ నాట్ నల్ కొడితే అన్ని వరుసలనూ గట్టి లాక్ కింద తనిఖీ చేస్తుంది. ముందు 'జిల్లా_ఐడి నల్ కాకూడదు' అనే చెక్ నియమాన్ని నాట్ వ్యాలిడ్‌గా చేర్చండి, తర్వాత వ్యాలిడేట్ చేయండి, ఆ తర్వాత సెట్ నాట్ నల్ కొట్టండి. పోస్ట్‌గ్రెస్ 12 నుంచి, అలాంటి చెల్లుబాటయ్యే చెక్ ఉంటే డేటాబేస్ మళ్లీ తనిఖీ చేయదు. ఆపై ఆ చెక్‌ను తీసేయవచ్చు. నాలుగు ఆదేశాలు, ఏదీ సైట్‌ను ఆపదు.

అడుగు 5: చదవడం కొత్త కాలమ్‌కు మార్చండి

పాత కాలమ్‌లో రాయడం ఆపకుండా, చదవడం మాత్రమే మార్చి పంపండి. ఏదైనా తేడా వస్తే కోడ్‌ను వెనక్కి తిప్పితే చాలు, డేటాబేస్‌ను ముట్టుకోనక్కర్లేదు. ఈ స్థితిలో కనీసం వారం ఉండండి. వారానికోసారి, నెలకోసారి నడిచే రిపోర్టులు పాత కాలమ్‌ను వాడుతున్నాయేమో ఈ గడువులోనే బయటపడాలి. నెలాఖరు బిల్లింగ్ ఉన్న యాప్ అయితే నెల ఆగడమే మేలు.

అడుగు 6: పాత కాలమ్‌ను తీసేయండి

జాంగో సెలెక్ట్‌లో ప్రతి కాలమ్‌నూ పేరుతో అడుగుతుంది. మోడల్‌లో ఫీల్డ్ ఉన్న కోడ్ ఒక్క సర్వర్ మీద నడుస్తున్నా, కాలమ్ పోయిన క్షణం నుంచి ఆ సర్వర్‌లో కస్టమర్లకు సంబంధించిన ప్రతి పేజీ ఫెయిలవుతుంది. అందుకే క్రమం ఇది. ముందు పాత కాలమ్ మీద నాట్ నల్ ఉంటే ఎత్తేయండి, లేకపోతే దాన్ని నింపని కొత్త కోడ్ ఇన్సర్ట్ చేయలేదు. తర్వాత ఫీల్డ్‌ను మోడల్ నుంచి తీసి డిప్లాయ్ చేయండి. ఆ మైగ్రేషన్‌లో సెపరేట్‌డేటాబేస్‌అండ్‌స్టేట్ వాడితే ఫీల్డ్ పోయిందని జాంగో నమ్ముతుంది, డేటాబేస్‌లో కాలమ్ అలాగే ఉంటుంది. రైల్స్‌లో ఈ పనికి ఇగ్నోర్డ్_కాలమ్స్ ఉంది. సర్వర్లూ వర్కర్లూ అన్నీ మారాక, తర్వాతి డిప్లాయ్‌లో డ్రాప్ కాలమ్.

డ్రాప్ చేసేముందు ఐడీ, పాత జిల్లా రెండింటినీ ఇంకో టేబుల్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి, నెల తర్వాత అదీ తీసేయండి. పూర్తి బ్యాకప్ తప్పకుండా ఉండాలి, అది నిజంగా రిస్టోర్ అవుతుందని ముందే సరిచూసుకోవాలి. కానీ ఒక కాలమ్ కోసం మొత్తం డేటాబేస్‌ను వెనక్కి తెస్తే, బ్యాకప్ తర్వాత వచ్చిన ఆర్డర్లన్నీ పోతాయి. డ్రాప్ చేసిన వెంటనే డిస్క్‌లో చోటు ఖాళీ కాలేదని కంగారు పడకండి. పోస్ట్‌గ్రెస్ ఆ కాలమ్‌ను దాచేస్తుందంతే, వరుసలు అప్‌డేట్ అయ్యేకొద్దీ చోటు మెల్లగా తిరిగొస్తుంది.

కాలమ్ పేరు మార్చడానికి కూడా ఇదే ఆరు అడుగుల దారి. రీనేమ్ ఆదేశం క్షణంలో అయిపోతుంది, పాత కోడ్ కూడా అదే క్షణంలో పగులుతుంది. పేరు బాగోలేదన్న ఒక్క కారణానికి ఇంత పని అనవసరమనిపిస్తే, మోడల్‌లో ఫీల్డ్ పేరు మార్చి డీబీ_కాలమ్‌తో పాత కాలమ్‌కే కట్టండి.

మైగ్రేషన్‌ను నడిపే తీరు

అప్లికేషన్ మొదలయ్యేటప్పుడు ప్రతి సర్వర్ తానే మైగ్రేషన్ నడుపుకునేలా పెట్టవద్దు. నాలుగు సర్వర్లు ఒకేసారి లేస్తే నాలుగూ ఒకే ఆల్టర్ కొడతాయి. రైల్స్, ఫ్లైవే అలా కాకుండా లాక్ పెట్టుకుంటాయి, జాంగోలో ఆ ఏర్పాటు లేదు. డిప్లాయ్‌లో విడి దశగా, ఒక్కచోట నుంచి నడపండి. ప్రొడక్షన్ పరిమాణం ఉన్న కాపీ మీద, ఫోన్ నంబర్లు, పేర్లు చెరిపేశాక, ముందు ఒకసారి నడిపి ప్రతి ఆదేశానికీ పట్టిన సమయం రాసుకోండి. వంద వరుసల టెస్ట్ డేటాబేస్‌లో ప్రతిదీ వేగంగానే ఉంటుంది.

మైఎస్‌క్యూఎల్ వాడుతుంటే

అక్కడ ఆల్టర్ టేబుల్ ట్రాన్సాక్షన్‌లో ఒదగదు. ముందు జరిగినదాన్ని అప్పటికప్పుడు కమిట్ చేసేస్తుంది. ఒక మైగ్రేషన్‌లో మూడు ఆల్టర్లుండి రెండోది ఫెయిలైతే మొదటిది నిలిచిపోతుంది, మళ్లీ నడిపితే అక్కడే తగులుకుంటుంది. కాబట్టి ఒక ఫైల్‌కు ఒక్క ఆల్టర్. 8.0.12 నుంచి కాలమ్ చేర్చడం ఇన్‌స్టంట్ పద్ధతిలో జరుగుతుంది. ఆదేశంలో అల్గారిథమ్ ఇన్‌స్టంట్ అని స్పష్టంగా రాయండి. అది కుదరని మార్పయితే టేబుల్ మొత్తాన్ని కాపీ చేయడం మొదలుపెట్టకుండా వెంటనే ఎర్రర్ ఇస్తుంది. క్యూ సమస్య ఇక్కడా ఉంది, మెటాడేటా లాక్ రూపంలో. లాక్_వెయిట్_టైమౌట్ డిఫాల్ట్ 3,15,36,000 సెకన్లు, అంటే ఏడాది. మైగ్రేషన్ సెషన్‌లో దాన్ని తప్పక కొన్ని సెకన్లకు దించండి. తిరగరాయక తప్పని పెద్ద టేబుళ్లకు గిట్‌హబ్ విడుదల చేసిన ఘోస్ట్, పెర్కోనా వారి పీటీ ఆన్‌లైన్ స్కీమా చేంజ్ ఉన్నాయి. రెండూ కొత్త టేబుల్‌లోకి నెమ్మదిగా కాపీ చేసి చివర్లో పేర్లు మారుస్తాయి. ఫారిన్ కీలున్న టేబుళ్లను ఘోస్ట్ ఒప్పుకోదు, వాటికి పెర్కోనా సాధనమే వాడాలి.